పల్సార్ గాలి శక్తిని కాగితం మీద లెక్క కట్టడం ఎలా?

వృషభ రాశిలోని క్రాబ్ నెబ్యులా అనే వాయు మేఘం, 1054లో చైనా ఖగోళకారులు నమోదు చేసిన నక్షత్ర విస్ఫోటనం తాలూకు వేడితోనే నేటికీ వెలుగుతోందని రాసే వ్యాసాలకు కొదవ లేదు. అది సరి కాదు. వాయు తంతువుల నడుమ కనిపించే నీలి వెలుగుకు మూలం, నెబ్యులా మధ్యలో సెకనుకు దాదాపు 30 సార్లు తిరిగే పల్సార్ (విస్ఫోటనంలో మిగిలిన, క్రమం తప్పక స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం) నుంచి ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ధనావేశమున్న ఎలక్ట్రాన్లు), అయస్కాంత క్షేత్రం కలిసి కాంతి వేగానికి అతి చేరువలో వీచే గాలి. తిరుగుడు మందగించడం వల్ల పల్సార్ కోల్పోయే శక్తే ఈ గాలికి ఆధారం కాబట్టి, ఆ నష్టాన్ని లెక్క కడితే గాలి శక్తి తెలిసినట్లే.

కాగితం, కలం, సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. స్ప్రెడ్‌షీట్ వాడకూడదు, ఘాతాంకంలో పడిన తప్పును అది దాచేస్తుంది. లెక్కంతా మీటర్లు, కిలోగ్రాములు, సెకన్లలోనే సాగాలి. ఖగోళశాస్త్రజ్ఞులు ఎర్గులను (సెంటీమీటరు-గ్రాము పద్ధతిలోని శక్తి ప్రమాణాలను) వదలరు గానీ, కరెంటు బిల్లు చదివే పాఠకునికి వాట్లే అర్థమవుతాయి.

మొదటి దశలో భ్రమణ కాలాన్ని రాసుకోండి. క్రాబ్ పల్సార్‌కు అది సుమారు 0.0334 సెకన్లు.

రెండవ దశలో ఆ కాలం ఎంత వేగంగా పెరుగుతోందో రాసుకోవాలి. లెక్క చెడేది సాధారణంగా ఇక్కడే. క్రాబ్ పల్సార్ భ్రమణ కాలం ప్రతి సెకనుకు 4.2 × 10⁻¹³ సెకన్ల చొప్పున, అంటే రోజుకు సుమారు 36 నానోసెకన్లు పెరుగుతుంది. ఇంత చిన్న మార్పును మరుగుపరచడానికి భూమి కదలిక ఒక్కటే చాలు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నప్పుడు దాని వేగం దిశ మారుతూ ఉంటుంది కనుక, మనకు అందే స్పందనల మధ్య వ్యవధి కూడా మారుతుంది. క్రాబ్ పల్సార్ విషయంలో ఈ కృత్రిమ మార్పు గరిష్ఠంగా సెకనుకు 6.6 × 10⁻¹³ సెకన్ల వరకు ఉంటుంది, అంటే అసలు విలువ కంటే ఎక్కువ. సవరించని కొలతలను నమ్మితే, సంవత్సరంలో సుమారు మూడు నెలల పాటు పల్సార్ వేగం పుంజుకుంటున్నట్లు కూడా తేలవచ్చు. అందువల్ల సౌరకుటుంబ ద్రవ్యరాశి కేంద్రానికి సవరించిన, అంటే అక్కడి నుంచి కొలిచినట్లుగా మార్చిన, విలువనే తీసుకోవాలి. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ ప్రచురించే నెలవారీ పట్టికలలో ఈ సవరణ చేసిన విలువలే ఉంటాయి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. పల్సార్లు అప్పుడప్పుడు ఉన్నట్టుండి స్వల్పంగా వేగం పుంజుకుంటాయి. దీనిని గ్లిచ్ అంటారు. 2017 నవంబరులో క్రాబ్ పల్సార్‌లో అటువంటిదే, అంతవరకు అందులో చూసిన వాటిలోకెల్లా పెద్దది, సంభవించింది. గ్లిచ్ జరిగిన వెంటనే కొలిచిన రేటు పల్సార్ సహజ స్థితిని చెప్పదు గనుక, చాలా నెలల సగటు ధోరణినే వాడండి.

మూడవ దశ జడత్వ భ్రామకం, అంటే తిరుగుడులో మార్పును వస్తువు ఎంతగా ఎదిరిస్తుందో చెప్పే కొలత. న్యూట్రాన్ నక్షత్రానికి 10³⁸ కిలోగ్రాము-చదరపు మీటర్లు అని వేసుకుని ముందుకు సాగండి. ఇది అంచనాయే అయినా, అందరూ ఇదే వాడతారు కాబట్టి మీ ఫలితాన్ని ఇతరుల ఫలితాలతో పోల్చుకోవచ్చు.

నాల్గవ దశలో 39.48ని (π విలువ, అంటే 3.1416, వర్గానికి నాలుగు రెట్లు) జడత్వ భ్రామకంతోను, పెరుగుదల రేటుతోను గుణించి, భ్రమణ కాలం ఘనంతో భాగించండి. జవాబు సుమారు 4.4 × 10³¹ వాట్లు రావాలి; అంటే లక్షకు పైగా సూర్యుల వెలుగుతో సమానం. కాలాన్ని మిల్లీసెకన్లలో వేస్తే జవాబు సూర్యుని కంటే కూడా తక్కువ వస్తుంది కనుక ఆ తప్పు వెంటనే పట్టుబడుతుంది. ఘనానికి బదులు వర్గంతో భాగించడమే ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు వచ్చే 1.5 × 10³⁰ వాట్లు చూడటానికి నమ్మదగినట్లే ఉంటుంది.

ఆ తప్పును పట్టడానికి ఐదవ దశ ఉంది. నెబ్యులా వెలువరించే సింక్రోట్రాన్ వికిరణం (అయస్కాంత క్షేత్రంలో అతివేగపు ఎలక్ట్రాన్లు వంపు తిరుగుతూ వెదజల్లే వెలుగు) మొత్తం సుమారు 1.3 × 10³¹ వాట్లు. సరైన జవాబులో ఇది మూడో వంతుకు కొంచెం తక్కువ. తప్పు జవాబు ప్రకారమైతే నెబ్యులా తనకు అందిన దానికంటే ఎన్నో రెట్లు ఖర్చు చేస్తున్నట్లవుతుంది. మిగిలిన శక్తిలో పెద్ద భాగం నెబ్యులాను విస్తరింపజేయడానికి పోతుంది. పల్సార్ స్పందనలుగా మనకు కనిపించే వెలుగు మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. గాలి అసలు పని చేసేది పల్సార్ నుంచి కాంతి సంవత్సరంలో దాదాపు మూడో వంతు దూరాన, చుట్టూ ఉన్న పీడనానికి ఎదురై ఆగిపోయే ఆఘాత తలం (షాక్) దగ్గర. అక్కడ వేగం పుంజుకున్న కణాల వల్లనే ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు పుడతాయి. భాభా అణు పరిశోధన కేంద్రం హైదరాబాదులోని ఈసీఐఎల్ తదితరుల సహకారంతో లద్దాఖ్‌లోని హాన్లేలో నిర్మించిన మేస్ దూరదర్శిని వంటివి పరిశీలించేది ఆ గామా కిరణాలనే.

ఇదే పద్ధతిని వేలా పల్సార్‌తో ఒకసారి చేసి చూడండి: భ్రమణ కాలం 0.0893 సెకన్లు, పెరుగుదల రేటు 1.25 × 10⁻¹³. జవాబు 6.9 × 10²⁹ వాట్లకు దగ్గరగా రాకపోతే, ముందుగా ఘనం వేశారో లేదో సరిచూసుకోండి.