తెలుగు వెబ్‌సైట్‌ను చూపులేనివారూ వాడుకునేలా చేయడం ఎలా?

ముందుగా మీ సైట్‌ను మీరే వినండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ ఉంటుంది. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. దాన్ని ఆన్ చేసి, కళ్లు మూసుకుని, ఒక పేజీ మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. వేలు ఆనిస్తే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. విండోస్ కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. గొంతు ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ అర్థంలేని కూతలు వచ్చాయో రాసుకోండి.

1. బొమ్మల్లో ఇరుక్కున్న అక్షరాలను బయటికి తీయండి. తెలుగు సైట్లలో పెద్ద అడ్డంకి ఇదేనని నా నమ్మకం. డీటీపీ చేయించిన ప్రకటనను ఫొటోగానో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో పెట్టేస్తారు. స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క మాటా దొరకదు. డీటీపీలో వాడే పాతతరం అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను అలాగే అతికించినా లాభం లేదు. కంటికి తెలుగే, లోపలున్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. రీడర్ వాటినే చదువుతుంది. ఏ పరికరమైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చెదిరాయేమో ఒకసారి ప్రూఫ్ చూడండి.

2. పేజీ భాష తెలుగని చెప్పండి. పేజీ కోడ్ మొదట్లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (lang) విలువ 'టీఈ' (te) అని ఉండాలి. చాలా టెంప్లేట్లలో 'ఈఎన్' (en), అంటే ఇంగ్లిష్ అని ఉంటుంది.

3. ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్ చదివే వివరణ, రాయండి. 'ఫొటో 1' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'నాగార్జునసాగర్ గేట్లు ఎత్తడంతో దిగువకు దూకుతున్న నీళ్లు' అనండి. అలంకారం కోసం పెట్టిన పూల అంచుకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి, అసలే తీసేయొద్దు.

4. ఫారాలను సరిచేయండి. ప్రతి గడికీ లేబుల్ ఉండాలి; టైప్ చేయగానే మాయమయ్యే లేత అక్షరాలు లేబుల్ కావు. మౌస్ పక్కనపెట్టి ట్యాబ్ కీతోనే దరఖాస్తు పూర్తి చేసి చూడండి. మనిషో యంత్రమో తేల్చడానికి బొమ్మలోని అక్షరాలు కొట్టమనే క్యాప్చా ఒక్కటే ఉంటే చూపులేనివారు అక్కడే ఆగిపోతారు. బ్యాంకుల్లాంటి చోట గుర్తింపు సరిచూసే కేవైసీలో కళ్లు ఆర్పమన్నప్పుడు, ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులదీ అదే గతి. వాళ్లు వేసిన కేసులోనే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది.

5. లింకులకు పేరు పెట్టండి. లింకుల జాబితా విని కావలసినచోటికి దూకే అలవాటు చాలామందికి ఉంది. పదిసార్లు 'ఇక్కడ నొక్కండి' అని వినిపిస్తే ఏది నొక్కాలి? చూపు మందగించినవారి కోసం అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉంచండి.

ఇవన్నీ అయ్యాక రోజూ స్క్రీన్ రీడర్ వాడే ఒకరిని పిలిచి, డబ్బిచ్చి పరీక్ష చేయించండి. పక్కన కూర్చుని దారి చెప్పకండి; తడబడినచోటల్లా నోట్ చేసుకోండి.