బోరు నీళ్ళలో నైట్రేట్ పెరగకుండా ఊరు ఏం చేయాలి? ఆ ఖర్చుకు రుసుము ఎలా పెట్టాలి?

ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళు గారపడతాయి, కనీసం చూస్తే తెలుస్తుంది. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. పరీక్ష చేస్తే తప్ప ఉందని తెలియదు. కేంద్ర భూగర్భ జల మండలి లెక్కల్లో 2017లో దేశంలో 359 జిల్లాల్లో నైట్రేట్ హద్దు దాటితే, 2023 నాటికి అవి 440 అయ్యాయి. తెలంగాణలో తీసిన నమూనాల్లో 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం పైన హద్దు దాటినవే.

ఇందులో యూరియా వాటా పెద్దదే. కానీ తప్పంతా రైతుదే అనుకుని మొదలుపెడితే ఊళ్ళో గొడవ తప్ప పని జరగదు. కింది వరుసలో వెళ్తే సర్పంచ్ అయినా, రైతు సంఘమైనా, చదువుకున్న నలుగురు కుర్రాళ్ళయినా మొదలుపెట్టగలరు.

1. ముందు కొలవండి

జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, ఊరికి అయిదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని కూడా అందులో ఉంది. మీ ఊరి కిట్టు బహుశా పంచాయతీ బీరువాలో ఉంటుంది. దాని మందుల గడువు తేదీ చూడండి. దాటిపోతే ఆ ఫలితాన్ని నమ్మొద్దు. కిట్టులో ఎక్కువ కనిపించిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు పంపి ఖాయం చేసుకోవాలి.

ఏ బోర్లు? తాగునీటి బోరు, బడి బోరు, ఆర్‌వో ప్లాంటు బోరు, ఇళ్ళకు దూరంగా పొలాల్లో నాలుగైదు, ఇంకా వాడుకలో ఉన్న చేదబావి ఒకటి. మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో మరోసారి. మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నాయి కదా, మాకెందుకు అనే ఊళ్ళు ఉన్నాయి. కుళాయికి నది నీళ్ళు వస్తున్నా, క్యాన్‌లో కొనుక్కునే నీళ్ళు చాలాచోట్ల ఊరి బోరువే.

మన దేశంలో హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. రిపోర్టు చదివేటప్పుడు ఒక తిరకాసు ఉంది. కొన్ని ల్యాబులు మొత్తం నైట్రేట్‌ను కాక అందులోని నత్రజనిని మాత్రమే రాస్తాయి. అప్పుడు హద్దు సుమారు 10. ఆ అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. అంటే రిపోర్టులో 12 అని చూసి హమ్మయ్య అనుకుంటే, అసలు లెక్క 53 కావచ్చు.

హద్దు దాటిన నీళ్ళతో పోతపాలు కలిపి ఆరు నెలల లోపు పసిపిల్లలకు పట్టకూడదు. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. మరగబెడితే పోతుందనుకోవడం పొరపాటు. నీళ్ళు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా, క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా లాభం లేదు. ఆర్‌వో తగ్గిస్తుంది. అయితే ఆర్‌వో వదిలే చిక్కటి వృథా నీళ్ళను అదే బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపే ప్లాంట్లూ ఉన్నాయి. నిర్వాహకులతో ముందు ఆ పైపు సంగతి మాట్లాడండి.

2. ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

ఊరి మ్యాపు మీద అంకెలు వేయండి. ఇళ్ళ మధ్య బోర్లలోనే ఎక్కువ ఉండి, అక్కడే క్లోరైడు ఎక్కువగా ఉండి, మలంలో ఉండే కోలీఫాం బ్యాక్టీరియా కూడా కనిపిస్తే అనుమానించాల్సింది సెప్టిక్ గుంతల్ని, పేడ దిబ్బల్ని. ఇళ్ళకు దూరంగా, కూరగాయలు, మిర్చి, పసుపు, మొక్కజొన్న వేసే పొలాల బోర్లలో ఎక్కువుంటే ఎరువు మీదే అనుమానం. చాలా ఊళ్ళలో రెండూ కలిసే ఉంటాయి. అయినా ఈ మ్యాపు లేకుండా సభ పెడితే ఒకరి వైపు ఒకరు వేలు చూపుకోవడంతోనే సభ ఆగిపోతుంది.

3. పొలంలో చేయాల్సిన పని

యూరియా నేలలో పడ్డాక కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియంకు ధనావేశం ఉంటుంది కాబట్టి బంకమట్టి దాన్ని పట్టుకుంటుంది. తర్వాత సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ది రుణావేశం, మట్టికి అంటదు. పైరు పీల్చుకోకముందే గట్టి వాన పడితే నీళ్ళతో పాటు కిందికి దిగిపోతుంది. వేళ్ళు దాటిపోయాక దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.

అందుకే ఎర్ర చల్క, ఇసుక నేలల్లో ఆరుతడి పంటలకు ప్రమాదం ఎక్కువ. ఎప్పుడూ నీళ్ళు నిలిచే వరి మడిలో చాలా నత్రజని గాలిలోకి పోతుంది. అదీ నష్టమే కానీ, బోరులోకి తక్కువ దిగుతుంది. కాబట్టి ఊరంతా తిరగకుండా తేలిక నేలల్లో మిర్చి, మొక్కజొన్న, కూరగాయలు వేసే వాళ్ళతో మొదలుపెట్టండి. పనికి ఫలితం కనిపించేది అక్కడ.

లెక్క బస్తాల్లో కాదు, నత్రజనిలో వేయాలి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోల నత్రజని. 50 కిలోల డీఏపీలో 9 కిలోలు. డీఏపీని భాస్వరం మందుగానే చూసి, అందులోని ఈ తొమ్మిదిని లెక్కలో వేయని వాళ్ళే ఎక్కువ. పశువుల ఎరువుకూ లెక్క ఉంది, టన్నుకు సుమారు 5 కిలోలు, అందులో కొంత భాగమే ఆ పంటకు అందుతుంది. ఇవన్నీ కూడి, మట్టి పరీక్ష ఫలితంతో, వ్యవసాయ విశ్వవిద్యాలయం మీ పంటకు చెప్పిన మోతాదుతో పోల్చండి. వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) గానీ, రైతు సేవా కేంద్రంలోని సహాయకుడు గానీ ఇది కూర్చుని చేసిపెట్టగలరు.

మోతాదు తేలాక మిగిలింది సమయం. అడుగు మందులో నత్రజని తగ్గించి మిగతాది రెండు మూడు దఫాల పైపాటుగా వేయాలి. వాన సూచన ఉన్న రోజు వేయకూడదు. వరికి ఆకు రంగు పట్టిక వాడొచ్చు, ఆకు ఇంకా పచ్చగా ఉంటే ఆ దఫా ఆపేయొచ్చు. పక్క చేను నిగనిగలాడుతోందని ఇంకో అర బస్తా చల్లే అలవాటును ఈ పట్టిక కొంతైనా ఆపుతుంది. చేతిలో అట్టముక్క ఉంటే వాదించడం తేలిక!

బోరు దగ్గర జాగ్రత్తలు మరీ ముఖ్యం. డ్రిప్ ద్వారా యూరియా ఇచ్చేవాళ్ళు పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టకపోతే, కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు మందు కలిసిన నీళ్ళు వెనక్కి బోరులోకే జారవచ్చు. కేసింగ్ చుట్టూ కాంక్రీటు గట్టు వేయించండి. ఎండిపోయి వదిలేసిన బోర్లను పూడ్చి మూసేయండి. అవి పిల్లలకే కాదు, కింది నీళ్ళకూ ప్రమాదమే, పొలం మీది మురుగు నేరుగా అడుగుకు దిగే గొట్టాలవి.

4. రుసుము ఎవరి దగ్గర, ఎంత?

ఇక్కడ ఇతర దేశాల అనుభవం పనికొస్తుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రం 1987లో భూగర్భ జల రక్షణ చట్టం తెచ్చి, నత్రజని ఎరువు మీద టన్నుకు 75 సెంట్ల రుసుము పెట్టింది, పురుగుమందుల మీద కూడా. అంత చిన్న రుసుముకు ఎవరూ ఎరువు మానేయరు, ఆశించిందీ అది కాదు. ఆ డబ్బుతో అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లియోపోల్డ్ సుస్థిర వ్యవసాయ కేంద్రం నడిచింది. మొక్కజొన్న చిన్నగా ఉన్నప్పుడే మట్టిలో నైట్రేట్ కొలిచి పైపాటు ఎంత కావాలో చెప్పే పరీక్షను రైతుల్లోకి తీసుకెళ్ళింది. కానీ 2017లో చట్టసభ ఆ కేంద్రానికి నిధులు ఆపేసింది.

జర్మనీలోని బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం వేరే దారి పట్టింది. 1988 నుంచి నీళ్ళు తోడేవాళ్ళ దగ్గర రుసుము తీసుకుంది, తాగునీటికి ఘనపు మీటరుకు 10 ఫెన్నిగ్‌లు (అప్పటి జర్మనీ పైసలు). అదే సమయంలో, తాగునీటి బావుల రక్షణ మండలాల్లో మామూలు కంటే 20 శాతం తక్కువ నత్రజని వేయాల్సి వచ్చిన రైతులకు పరిహారం ఇచ్చింది. నీళ్ళు పాడుచేసిన వాళ్ళకే తాగేవాళ్ళు డబ్బు కట్టడమేమిటని అక్కడ పెద్ద వాదన నడిచింది. న్యాయంగా అది నిజమే. కానీ దిగుబడి తగ్గే భయం మొత్తం ఒక్క రైతు నెత్తిన పెడితే పని ముందుకు పోదు. నా మటుకు ఇద్దరి దగ్గరా కొంత కొంత తీసుకోవడమే మంచిది.

మన దగ్గర ఎరువుల దుకాణంలో బస్తాకు రెండు రూపాయలు అదనంగా వసూలు చేయించాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 45 కిలోల యూరియా ధర పన్నులు, వేప పూత ఖర్చు కాక రూ. 242గా కేంద్రం నిర్ణయించింది. ఎంఆర్‌పీ కంటే పైసా ఎక్కువ తీసుకున్నా డీలరు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద ఇరుక్కుంటాడు. మిగిలే దారులు మూడు.

మొదటిది, పంచాయతీ వసూలు చేసే నీటి చార్జీలో చిన్న భాగం. రెండోది, ఆర్‌వో క్యాన్ మీద రూపాయి. మూడోది, సహకార సంఘం లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం సభ్యుల నుంచి ఎకరాకు సీజనుకు ఇంతని సేవా రుసుము. ఇది ఎరువు మీద కాదు, మట్టి పరీక్ష, సలహా అనే సేవ మీద.

ఉదాహరణకు 400 ఇళ్ళు నెలకు 5 రూపాయలిస్తే ఏడాదికి రూ. 24,000. రోజుకు 100 క్యాన్లు పోయే ప్లాంటు నుంచి రూ. 36,500. 600 ఎకరాల నుంచి సీజనుకు 10 రూపాయల చొప్పున రెండు సీజన్లకు రూ. 12,000. మొత్తం రూ. 72,500. పరీక్షలకు, వదిలేసిన బోర్లు కొన్ని మూయడానికి, నాన్ రిటర్న్ వాల్వుల్లో సగం ధర ఇవ్వడానికి ఇది మంచి మొదలు. కౌలు పొలాల్లో ఎకరా రుసుము భూమి యజమాని కట్టాలని తీర్మానంలోనే రాయండి. లేకపోతే అది నిశ్శబ్దంగా కౌలు రైతు మీద పడుతుంది.

డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అయోవా కథ గుర్తుంది కదా, ఇంకొకరి సంతకంతో ఆగిపోయే డబ్బు మీద పదేళ్ళ పని కట్టకూడదు. గ్రామసభ తీర్మానంలో ఏ పనులకు వాడాలో, ఏ పనులకు వాడకూడదో రెండూ ఉండాలి. వీధి దీపాలకు, పండుగ పందిళ్ళకు మళ్ళించే ఒత్తిడి కచ్చితంగా వస్తుంది. పీఎం ప్రణామ్ పథకంలో రసాయన ఎరువు వాడకం తగ్గి ఆదా అయిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి ఇస్తామని కేంద్రం చెప్పింది. కానీ అది ఊరి ఖాతాకు నేరుగా రాదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

5. అంకెలు గోడ మీద రాయండి

పంచాయతీ గోడ మీద రెండు పట్టికలు చాలు. ఒకటి ఏ బోరులో మే, నవంబరుల్లో నైట్రేట్ ఎంత అని, రెండోది ఖాతాలో వచ్చిందెంత, పోయిందెంత అని. రైతుల పేర్లు, వాళ్ళు వేసిన ఎరువు బహిరంగంగా రాయొద్దు. ఎవరూ రెండోసారి నిజం చెప్పరు.

అంకెలు త్వరగా దిగవు. ఇప్పుడు బోరులో ఉన్నది ఎన్నో ఏళ్ళ కిందట చల్లిన ఎరువు కావచ్చు. అమెరికాలోనే నెబ్రాస్కా రాష్ట్రంలో ప్లాట్ నది లోయ రైతులు 1987 నుంచి భూగర్భ జలంలో ఉన్న నైట్రేట్‌ను బట్టి దశలవారీ నిబంధనలు పాటిస్తున్నారు, ఇంకా పాటిస్తూనే ఉన్నారు. కాబట్టి రుసుము తీర్మానాన్ని ఏడాదికి కాక కనీసం అయిదేళ్ళకు చేయండి. ఈలోగా ముందుగా కనిపించే గుర్తు బోరులో కాదు, మట్టిలో దొరుకుతుంది. కోత అయ్యాక అరవై సెంటీమీటర్ల లోతు మట్టి తీయించి మిగిలిన నైట్రేట్ చూడండి. అక్కడ తగ్గుతుంటే పని సరైన దారిలో ఉన్నట్టే. రెండు సీజన్ల తర్వాత కూడా అక్కడ తగ్గకపోతే ఎరువు లెక్కలు మళ్ళీ మొదటి నుంచి చూడాలి. మట్టిలో తగ్గి, ఇళ్ళ మధ్య బోరులో మాత్రం పెరుగుతూనే ఉంటే ఖాతాలోని తర్వాతి విడత డబ్బు సెప్టిక్ గుంతల మీద పెట్టండి.