ఎంబెడెడ్ లైనక్స్ డివైస్‌లో డ్రైవర్ అప్‌డేట్ ఎవరి పని? ముందే ఇలా తేల్చుకోండి

ప్రొడక్ట్ మార్కెట్లోకి వెళ్లిన ఏడాదికి వైఫై డ్రైవర్లో సెక్యూరిటీ లోపం బయటపడిందనుకోండి. చిప్పు కంపెనీ మాడ్యూల్ అమ్మినవాళ్లని అడగమంటుంది, మాడ్యూల్ వాళ్లేమో మా డ్రైవర్ 5.10 కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మీదే టెస్ట్ చేశాం అంటారు, బీఎస్‌పీ (ఆ బోర్డు మీద లైనక్స్ నడవడానికి కావలసిన కెర్నల్, డ్రైవర్ల సెట్టు) చేసిపెట్టిన టీము ఎప్పుడో వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోయి ఉంటుంది. నా మాట ఒక్కటే: డబ్బా మీద ఎవరి పేరుంటే బాధ్యత వాళ్లది. ఫిక్స్ ఎవరు రాస్తారన్నది వేరే ప్రశ్న, అది ఒక్కో డ్రైవర్‌కి విడిగా తేల్చుకోవాలి.

ముందు మీ డివైస్‌లో ఏముందో చూడండి. ప్రాక్ డైరెక్టరీలో మాడ్యూల్స్ అనే ఫైలుంటుంది (/proc/modules, విడిగా లోడ్ అయిన డ్రైవర్ల జాబితా), దాన్ని క్యాట్ కమాండ్ కొట్టి చూస్తే కొన్ని లైన్ల చివర బ్రాకెట్లలో ఇంగ్లీషు 'ఓ' అక్షరం కనిపించొచ్చు. ఆ డ్రైవర్ కెర్నల్ సోర్సుకి బయట బిల్డ్ అయిందని అర్థం. 'పీ' ఉంటే ప్రొప్రైటరీ, అంటే ఓపెన్ సోర్సు లైసెన్సు లేనిది. ఎక్కువమంది ఇక్కడితో ఆగిపోతారు, అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది: చిప్పు కంపెనీ తన డ్రైవర్లని తన కెర్నల్ ట్రీలోనే (కెర్నల్ సోర్సు కోడ్ మొత్తం ఉండే చోటు) కలిపేసి ఇస్తుంది కాబట్టి వాటికి ఈ గుర్తు పడదు, పైకి అంతా మెయిన్‌లైన్ (అందరికీ ఒకటే అయిన అసలు లైనక్స్ కెర్నల్) లాగే కనిపిస్తుంది. అందుకే వాళ్ల ట్రీకీ, కెర్నల్ డాట్ ఆర్గ్‌లో అదే వెర్షన్ ట్యాగ్‌కీ మధ్య గిట్ డిఫ్ తీసి, డ్రైవర్స్ ఫోల్డర్లో ఏమేం మారాయో చూడండి. ఆ తేడా ఎంత పెద్దదైతే మీరు ఆ కంపెనీ మీద అంత ఆధారపడి ఉన్నట్టు.

మెయిన్‌లైన్ డ్రైవర్‌కి ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సపోర్టు ఇచ్చే) రిలీజుల్లో ఫిక్సులు వస్తూనే ఉంటాయి, వాటిని తెచ్చుకుని, బిల్డ్ చేసి, మీ బోర్డు మీద టెస్ట్ చేసి పంపడం మాత్రం మీ పనే. చిప్పు కంపెనీ ట్రీలోదైతే వాళ్ల బీఎస్‌పీ రిలీజుల్ని వదలకుండా ఫాలో అవ్వాలి. ట్రీలో కలపకుండా విడిగా టార్‌బాల్‌గా (జిప్ లాంటి ఒక ఫైలుగా) ఇచ్చిన డ్రైవర్‌తోనే అసలు టెన్షన్, ఎందుకంటే కెర్నల్ లోపలి ఏపీఐ (డ్రైవర్లు కెర్నల్‌తో మాట్లాడే పద్ధతి) మారకుండా ఉంటుందని లైనక్స్ వాళ్లు ఎప్పుడూ మాటివ్వలేదు. ట్రీలో ఉన్న డ్రైవర్లని ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు, బయట ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. సోర్సు లేకుండా బిల్డ్ చేసిన ఫైలు మాత్రమే ఇచ్చిన బ్లాబ్ అయితే ఇచ్చినవాళ్లు తప్ప ఇంకెవరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు ఒక షీటు తెరిచి ప్రతి డ్రైవర్‌కీ రాయండి: ఎక్కడినుంచి వచ్చింది, ఏ కెర్నల్‌కి, ఫిక్స్ ఎవరిస్తారు, లోపం తెలిశాక ఎన్ని రోజుల్లో, ఏ సంవత్సరం దాకా, మన టీములో చూసుకునే మనిషి ఎవరు. ఆ మనిషి పేరు ఖాళీగా ఉంటే ఆ డ్రైవర్‌కి దిక్కులేనట్టే. సప్లయర్‌తో మాట్లాడాల్సింది పర్చేజ్ ఆర్డర్ ఇవ్వకముందు, డబ్బు చేతులు మారాక మీ మాట చెల్లదు.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని యూరప్‌కి ప్రొడక్టులు చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. డిజిటల్ ప్రొడక్టుల భద్రత కోసం అక్కడ తెచ్చిన సైబర్ రెజీలియన్స్ యాక్ట్ ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి అమల్లోకి వస్తాయి. సొంత పేరుతో మార్కెట్లో పెట్టినవాళ్లే ఆ చట్టం దృష్టిలో తయారీదారు, బయటినుంచి తెచ్చుకున్న భాగాల విషయంలోనూ జాగ్రత్త వాళ్లే పడాలి, సపోర్టు మామూలుగా కనీసం 5 ఏళ్లు ఇవ్వాలి. అన్నేళ్లు నిలిచే కెర్నల్ కావాలంటే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ (లైనక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టు) వాళ్లు 10 ఏళ్ల లక్ష్యంతో నడిపే 6.1 లాంటివి చూడండి.

అప్‌డేట్ పంపే దారిని కూడా చూసుకోండి. కొత్త వైఫై డ్రైవర్ పనిచేయకపోతే దాన్ని సరిచేసే అప్‌డేట్ కూడా ఆ డివైస్‌కి చేరదు, కస్టమర్ ఇంటికి మనిషిని పంపాల్సిందే. రెండు పార్టిషన్ల పద్ధతి పెట్టండి, అంటే పాతది ఒకదాంట్లో అలాగే ఉంచి కొత్తది రెండోదాంట్లో వేయడం; దానికి రాక్ (RAUC) గానీ ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ గానీ మెండర్ గానీ ఏ అప్‌డేట్ టూల్ అయినా సరే. బూట్ అవడం ఒక్కటే చూసి ఓకే అనుకోకుండా, సర్వర్‌కి నిజంగా కనెక్ట్ అయ్యాకే కొత్తదాన్ని ఖాయం చేయండి, లేకపోతే పాతదానికి దానంతటదే వెనక్కి వెళ్లాలి.

సప్లయర్ ఎంతకీ లొంగకపోతే, బోర్డు లేఅవుట్ ఖరారు కాకముందే ఆ మాడ్యూల్ తీసేసి మెయిన్‌లైన్ డ్రైవర్ ఉన్నది వేసుకోండి, కొంచెం ఖరీదెక్కువైనా సరే.