విదేశాల నుంచి బ్రిటన్‌కు మద్యం: ఎంత తేవచ్చు, ఎక్కువైతే డిక్లరేషన్ ఎలా ఇవ్వాలి

విదేశీ ప్రయాణం ముగించుకుని గ్రేట్ బ్రిటన్‌కు (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్) తిరిగొచ్చేటప్పుడు, 17 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ పన్ను కట్టకుండా బీరు 42 లీటర్లు, స్టిల్ వైన్ (నురగ రాని మామూలు వైన్) 18 లీటర్లు వెంట తెచ్చుకోవచ్చు. వీటికి తోడు 22 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న విస్కీ, జిన్, రమ్, వోడ్కా వంటివి 4 లీటర్లు గానీ, 22 శాతం, అంతకంటే తక్కువ ఉన్న స్పార్క్లింగ్ వైన్, పోర్ట్, షెర్రీ (ఈ రెండూ ఘాటు పెంచిన వైన్లు), తేలికపాటి లిక్యూర్లు (తీపి మద్యం) 9 లీటర్లు గానీ తేవచ్చు. బీరు కోటా బీరుదే, వైన్ కోటా వైన్‌దే. చివరి రెండింటికీ మాత్రం ఉమ్మడి కోటా. దాన్ని పంచుకోవచ్చు: సగం కింద 2 లీటర్ల విస్కీ, మిగతా సగం కింద 4.5 లీటర్ల పోర్ట్.

బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి 1 నుంచి ఫ్రాన్స్, స్పెయిన్ వంటి ఈయూ (ఐరోపా సమాఖ్య) దేశాల నుంచి వచ్చేవాళ్ళకూ ఇవే పరిమితులు. అంతకుముందు వాడుకకు ఎంతైనా తెచ్చుకున్న అలవాటుతో ఇప్పటికీ కారు డిక్కీ నింపుకొచ్చేవాళ్ళున్నారు. నార్తర్న్ ఐర్లండ్ నిబంధనలు వేరు. అక్కడికి ఈయూ నుంచి సొంత వాడుకకు తెచ్చుకుంటే ఈ లీటర్ల లెక్క ఉండదు.

చాలామంది పొరబడేది సీసాల దగ్గర. కస్టమ్స్ చూసేది లీటర్లు. డ్యూటీ ఫ్రీలో దొరికే లీటరు విస్కీ సీసాలు నాలుగైతే కోటా సరిగ్గా సరిపోతుంది. అదే 700 మిల్లీలీటర్ల సీసాలైతే ఐదు కలిపి 3.5 లీటర్లు, ఇబ్బంది లేదు. ఆరోది తీసుకుంటే 4.2 లీటర్లు. పైబడింది 200 మిల్లీలీటర్లే కదా, దానికే కడదాం అనుకుంటే కుదరదు. పరిమితి దాటితే ఆ రకంలో మీ దగ్గరున్న మొత్తానికీ, అంటే 4.2 లీటర్లకూ పన్ను పడుతుంది. ఆరో సీసా మీద వచ్చిన తగ్గింపు కాస్తా అక్కడితో పోయినట్టే. వైన్ విషయంలో 750 మిల్లీలీటర్ల సీసాలు 24 అయితే సరిగ్గా 18 లీటర్లు. బీరు 330 మిల్లీలీటర్ల డబ్బాలైతే 127 వరకే. 128వ డబ్బాతో 42.24 లీటర్లవుతుంది.

లేబుల్ మీది శాతం కూడా చూసుకోవాలి. క్రీమ్ లిక్యూర్లు ఎక్కువగా 17 శాతం దగ్గర ఉంటాయి కాబట్టి 9 లీటర్ల వైపు వస్తాయి. వాటిని విస్కీతో కలిపి లెక్కేసి అనవసరంగా కంగారు పడేవాళ్ళూ ఉంటారు.

ఈ కోటా సొంత వాడుకకూ, ఉత్తినే ఇచ్చే కానుకలకూ మాత్రమే. స్నేహితుడు "నాకూ రెండు సీసాలు పట్రా, డబ్బులిచ్చేస్తా" అంటే, లాభం లేకుండా కొన్న ధరే తీసుకున్నా అది అమ్మకం కిందికే వస్తుంది. ఆ సీసాలకు కోటా వర్తించదు. సరుకు మీతో పాటే ప్రయాణించాలి. పోస్టులో పంపించుకుంటే కోటా లేదు. 17 ఏళ్ళ లోపు పిల్లలకు మద్యం కోటా అసలే లేదు కాబట్టి నలుగురి కుటుంబానికి నాలుగు నాళ్ళ పదహారు లీటర్లని లెక్కేయకండి. పెద్దవాళ్ళిద్దరు కలిసి వస్తుంటే ఎవరి వంతు వాళ్ళ పెట్టెలో, ఎవరి రసీదు వాళ్ళ దగ్గర పెట్టుకోవడం మేలు.

పరిమితి దాటిందని ముందే తెలిస్తే ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో ఆన్‌లైన్‌లోనే డిక్లరేషన్ (ఏం తెస్తున్నారో కస్టమ్స్‌కు చెప్పడం) ఇచ్చి డబ్బు కట్టేయవచ్చు. దిగే సమయానికి ఐదు రోజుల ముందు నుంచి ఈ వీలుంటుంది; అంతకంటే ముందు కట్టడం కుదరదు. ముందుగా ఎక్కడి నుంచి వస్తున్నారు, మీ వయసు 17 నిండిందా వంటి ప్రశ్నలుంటాయి. తర్వాత మద్యం రకాన్ని ఎంచుకుని ఎన్ని లీటర్లో, ఎంతకు కొన్నారో, ఏ కరెన్సీలో కొన్నారో నింపాలి. ఇక్కడ లీటర్లు అడిగిన గడిలో సీసాల సంఖ్య కొట్టేస్తే 4.2 కాస్తా 6 అవుతుంది, పన్ను కూడా దాన్ని బట్టే పెరుగుతుంది. ధరను పౌండ్లలోకి మార్చే శ్రమ మీకక్కర్లేదు, రసీదు మీద ఉన్న కరెన్సీలోనే వేయండి. మద్యం మీద ఎక్సైజ్ సుంకం ఉంటుంది, సందర్భాన్ని బట్టి కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది, ఆ మొత్తం మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. లెక్కంతా ఆ సర్వీసే కట్టి చూపిస్తుంది.

మొత్తం చూశాక కొనసాగిస్తే పేరు, పాస్‌పోర్ట్ వంటి గుర్తింపు నంబరు, దిగే చోటు, తేదీ, సమయం అడుగుతుంది. కార్డుతో కట్టాక రెఫరెన్స్ నంబరుతో రసీదు వస్తుంది. దాన్ని ఫోన్లో దాచుకోండి, అధికారి అడిగితే చూపించాల్సింది అదే. కట్టిన తర్వాత ఇంకో సీసా కొన్నా, దిగేలోపు అదే డిక్లరేషన్‌కు దాన్ని చేర్చవచ్చు. కోటా వివరాల్లో 390 పౌండ్ల పరిమితి కనిపిస్తే తికమక పడకండి. అది మద్యం, పొగాకు కాని ఇతర వస్తువులకు.

ఆన్‌లైన్‌లో చేయకపోతే దిగాక రెడ్ చానెల్‌లోకి (డిక్లేర్ చేయాల్సిన సరుకు ఉన్నవాళ్ళ దారి) వెళ్ళాలి. రెడ్ చానెల్ లేనిచోట కస్టమ్స్ ప్రాంతంలోని రెడ్ పాయింట్ ఫోన్‌లో చెప్పవచ్చు. గ్రీన్ చానెల్‌లో అడుగుపెట్టారంటే డిక్లేర్ చేయాల్సిందేమీ లేదని మీరు చెప్పినట్టే. లోపల ఆపి తనిఖీ చేసినప్పుడు "చెప్దామనే అనుకున్నాను" అన్న మాట చెల్లదు.

విమానం వాళ్ళ నిబంధన ఇంకొకటుంది, కస్టమ్స్‌తో సంబంధం లేనిది: 24 నుంచి 70 శాతం మధ్య ఆల్కహాల్ ఉన్నవి దుకాణం సీలుతో ఒకరికి 5 లీటర్ల వరకే. 70 శాతం దాటినవి పెట్టెలోనూ చేతి సంచిలోనూ కుదరవు.

చెప్పకుండా దాటబోయి దొరికితే సరుకు స్వాధీనం చేసుకుంటారు. సరుకు తెచ్చిన వాహనాన్ని కూడా తీసుకునే అధికారం ఉంది. స్వాధీనం చట్టవిరుద్ధమని మీకు అనిపిస్తే ఒక నెలలోపు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి, విధానమంతా నోటీస్ 12ఏ అనే ప్రభుత్వ సూచనల పత్రంలో ఉంటుంది. చట్టబద్ధమేనని ఒప్పుకుంటూనే సరుకు తిరిగివ్వమని కోరడం వేరే దరఖాస్తు. ఈ రెండూ కలిపేసి ఒకే ఉత్తరం రాస్తే మీరు ఏది అడుగుతున్నారో వాళ్ళకు అర్థం కాదు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.