ముడతలు: జన్యువుల వాటా ఎంత, మైటోకాండ్రియా వాటా ఎంత, మనం చేయగలిగేదేమిటి

ముఖం ముడతలు పడితే నెపం వంశం మీదకు నెట్టేస్తుంటాం. అద్దం ముందు నిలబడి ముంజేతి పైభాగాన్ని, చంక దగ్గరి లోచేతి చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి జన్యువులూ ఒకటే, వయసూ ఒకటే. తేడా ఎక్కువగా ఎండదే. జన్యువులు నిర్ణయించేవీ ఉన్నాయి: చర్మం రంగు, ఎండకు కందిపోయే తీరు. వాటిని మార్చలేం.

ఎండ దెబ్బ గట్టిగా తగిలే చోట్లలో మైటోకాండ్రియా ఒకటి. కణానికి శక్తినిచ్చే వీటికి తల్లి నుంచి వచ్చే సొంత డీఎన్‌ఏ ఉంది: 16,569 బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు), 37 జన్యువులు. కేంద్రకంలోని డీఎన్‌ఏకు ఉన్నట్టు దీనికి కాపాడే హిస్టోన్ ప్రోటీన్ల చుట్టలు లేవు, మరమ్మతు ఏర్పాట్లూ తక్కువే. పైగా ఫ్రీ రాడికల్స్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టేది దాని పక్కనే. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఒక రకమైన యూవీఏ కిరణాలు చర్మం లోపొర దాకా దిగుతాయి. వాటివల్ల ఈ డీఎన్‌ఏలో 4,977 జతల ముక్క తెగిపోవడం పరిశోధకులు తరచూ గమనించే మార్పు. అలా దెబ్బతిన్న కణాల్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, ఎంఎంపీ-1 ఎంజైమ్ ఎక్కువై, చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్ కొలాజెన్‌ను కోసేస్తుంది. చర్మం బిగువు పోయేది అందుకే. తెగిన ముక్కను తిరిగి అతికించే క్రీమ్ ఏదీ లేదు కనుక, తెగకుండా చూసుకోవడమే దారి.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ స్థాయి) అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, అది ప్రధానంగా చర్మాన్ని కందించే యూవీబీ కిరణాల లెక్క. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించి, దాంతో పాటు 'బ్రాడ్ స్పెక్ట్రమ్' (యూవీఏ, యూవీబీ రెండింటికీ రక్షణ) అనో, యూవీఏ రక్షణను చెప్పే పీఏ పక్కన ప్లస్ గుర్తులో ఉండాలి. ముఖానికీ మెడకూ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత పట్టించాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే: సగమే రాస్తారు, అప్పుడు డబ్బా మీద రాసిన రక్షణ దక్కదు. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట పట్టినా మళ్లీ రాయాలి. మామూలు కిటికీ అద్దం యూవీఏను పూర్తిగా ఆపదు, కిటికీ పక్కన కూర్చునేవాళ్లకూ సన్‌స్క్రీన్ తప్పదు.

రాత్రికి డాక్టర్ సలహాతో ట్రెటినాయిన్ (విటమిన్ ఏ కుటుంబపు పూత మందు) 0.025 శాతం మొదలుపెట్టవచ్చు. ముఖం పూర్తిగా ఆరాక బఠానీ గింజంత, వారానికి రెండు రాత్రులు. పొట్టు రేగి మంట పుడితే రోజులు తగ్గించి, ముందు మాయిశ్చరైజర్ రాయండి. ఎక్కువ రాస్తే త్వరగా పనిచేయదు, మంటే పెరుగుతుంది. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు.