పసిబిడ్డ పోయిన ఇంటికి, బిడ్డ ఎందుకు పోయిందో తెలుసుకునే విచారణకు వెళ్లే ముందు

• తల్లి ఇప్పుడు ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడగండి. బస్తీల్లో అద్దె ఇళ్లు మారిపోతుంటారు. పుట్టింట్లో పురుడైతే ఆసుపత్రి కాగితాల్లో అక్కడి చిరునామానే ఉండొచ్చు.

• ఇద్దరికి మించి వెళ్లొద్దు. జనం పోగైతే అత్తగారే జవాబులన్నీ చెప్పేస్తారు.

• "పుట్టగానే ఏడ్చిందా, ఊపిరి తీసుకుందా, కదిలిందా?" ఈ మూడూ విడివిడిగా అడగండి. 28 వారాలు నిండాక ప్రాణం లేకుండా పుడితే మృతశిశు జననం. ఒక్కసారి ఊపిరి తీసుకుని పోయినా నవజాత శిశు మరణం. ఇక్కడ పొరపడితే మీరు నింపే ఫారమంతా తప్పే.

• ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు), స్కాన్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ అడిగి చూడండి. అనుమతి లేకుండా ఫోటో తీయొద్దు.

• నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఆటో ఎప్పుడు దొరికింది, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది, డాక్టర్ ఎప్పుడు చూశారు: ఆలస్యం ఎక్కడ జరిగిందో ఈ టైముల్లోనే దొరుకుతుంది. ఒకావిడ "కుళాయి నీళ్లు వదిలినప్పుడు బయల్దేరాం" అంది. అలాగే రాసుకున్నాను. గంట ఎంతో పక్కింటివాళ్లు చెప్పారు.

• "ముందే ఎందుకు తీసుకెళ్లలేదు?" అనొద్దు. అది ప్రశ్న కాదు, నింద.

• ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. తల్లి ఏడిస్తే పెన్ను పక్కన పెట్టేయండి, మిగతాది ఇంకోరోజు అడగొచ్చు.