పలమనేరులో హైడ్రాంజియా: కత్తెర పట్టేముందు రకం చూడండి

నర్సరీలో గుత్తులు గుత్తులుగా పూసిన హైడ్రాంజియాను చూసి మనసు పారేసుకున్నవాళ్లకు ముందుగా ఒక మాట. వీడియోల్లో కనిపించే అన్నాబెల్ అనే తెల్లపూల రకం తూర్పు అమెరికా అడవి మొక్క జాతిది. దానికి గట్టి చలికాలం కావాలి. మన దగ్గర ఎక్కువగా అమ్మేది పెద్దాకు రకం, నీలం, గులాబీ పూలది.

ఈ తేడా కత్తిరింపు దగ్గర తేలుతుంది. అన్నాబెల్ ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి అక్కడివాళ్లు చలికాలం చివర్లో బాగా కిందికి కోసేస్తారు. పెద్దాకు రకానికి అదే పని చేస్తే ఆ ఏడు పూలు పోయినట్టే. దాని మొగ్గ ముందటేడు పెరిగిన కొమ్మ చివరే, చలి రాత్రుల్లో తయారవుతుంది. కాబట్టి పూత అవ్వగానే వాడిన గుత్తిని, దాని కింద కనిపించే లావు మొగ్గల జతకు కాస్త పైన తుంచండి. వానాకాలం దాటాక కత్తెర ముట్టుకోవద్దు.

పలమనేరు ఎత్తు మీద ఉంది, రాత్రుళ్లు చల్లబడుతుంది కాబట్టి మా ఇంట్లో పూస్తోంది. తిరుపతిలో ఉండే మా వదినకు మాత్రం, మొగ్గతో ఉన్న మొక్కనే కొనుక్కో అని చెప్తాను.

కుండీ పెద్దదే తీసుకోండి, అడుగున నీళ్లు పోయే కంతలుండాలి. ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి. తూర్పు వసారాలో పెడితే పొద్దుటెండ తగులుతుంది, పది దాటాక నీడ పడుతుంది. మట్టి మీద చెనిక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టేది మధ్యాహ్నం. ఆకులన్నీ వేలాడిపోతాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వెంటనే చెంబు పట్టుకుని పరిగెత్తకండి. ఆకు పెద్దది, ఎండకు అది వదిలే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు, అంతే. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి. తడిగా ఉంటే వదిలేయండి, పొద్దు వాలేసరికి ఆకులు వాటంతటవే నిలబడతాయి. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి. తెల్లవారినా ఆకు లేవలేదు, మట్టి మాత్రం చిత్తడిగా ఉంది అంటే వేరు కుళ్లుతున్నట్టు. మొక్కను బయటికి తీసి, నల్లబడిన వేళ్లు కోసి, కొత్త మట్టిలో పెట్టండి.

పూల రంగు సంగతి: పులుపు మట్టిలో అల్యూమినియం వేళ్లకు అందితే నీలం, అందకపోతే గులాబీ. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తే గులాబీకే తిరుగుతుంది. నీలం కావాలంటే వాన నీళ్లు పట్టి పోయండి, మొగ్గ కట్టకముందు నుంచే లీటరుకు అర చెంచా పటిక కరిగించి అప్పుడప్పుడు ఇవ్వండి. తెల్లపూల రకాలకు ఇది పనిచేయదు.

ఆకుల్లో విషం ఉంటుంది, మేకలకూ చిన్నపిల్లలకూ అందకుండా చూసుకోండి.